స్టార్టరులో పుల్ల

ఒక ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు. ఇద్దరూ ఒకేచోట మోటరు వైండింగు నేర్చుకున్నారు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో రుడ్‌సెట్ పేరుతో మొదలైన పద్ధతి శిక్షణ అది. ఫీజు లేదు, తిండీ బసా శిక్షణ కేంద్రానివే. నెల తిరిగేసరికి చేతిలో సర్టిఫికెట్టు, వేళ్ల మీద రాగితీగ కోతలు. బ్యాంకులో అప్పు తీసుకుని పెద్దోడు బస్టాండు దగ్గర, చిన్నోడు చెరువుకట్ట కింద దుకాణాలు పెట్టారు.

2004లో మన దగ్గర వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక సంగతి ఇది. ఉచితమే గానీ అప్పట్లో ఇచ్చేది ఏడు గంటలు, అదీ విడతలుగా, సగం అర్ధరాత్రి. పోయిన కరెంటు మళ్లీ వస్తే ఎవరో ఒకరు పొలానికి పోయి స్టార్టరు బటను నొక్కాలి. చీకటి, పాములు. అందుకని రైతులు ఒక ఉపాయం కనిపెట్టారు. నొక్కిన బటను పైకి లేవకుండా పుల్ల ఇరికించారు. ఇక కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరుగుతుంది, వాళ్లు ఇంట్లో నిద్రపోవచ్చు.

ఎండాకాలం వచ్చేసరికి పెద్దోడి దుకాణం ముందు మోటర్లు వరసకట్టాయి. వాడిది తిరిగిన చేయి. కాలిన కాయిళ్లు పీకి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి మర్నాటికల్లా ఇచ్చేవాడు. ఇరవై రోజులకు అదే మోటరు మళ్లీ వచ్చేది. మళ్లీ చుట్టేవాడు. "కాలేది వాళ్ల మోటరు, ఉడికేది మన కుండ" అని నవ్వేవాడు.

చిన్నోడి దగ్గరికి వరసకు మామయ్యే రైతు ఒకాయన రెండోసారి కాలిన మోటరు తెచ్చాడు. తీగ పీకబోయి చిన్నోడు ఆగాడు. మూడు జట్ల కాయిళ్లలో రెండు బొగ్గయ్యాయి. మూడోది కొత్త బిందెలా మెరుస్తోంది.

"మామా, నీ స్టార్టరు చూద్దాం పద."

"కాలింది మోటరైతే స్టార్టరెందుకురా?"

పొలంలో డబ్బా మూత తీస్తే సగం మాడిన వేపపుల్ల.

"రాత్రి రెండు ఫేజులే వచ్చినయ్ మామా. రెండింటితో మోటరు లేవది, మూలుగుతది. మూలిగినంతసేపు కాలుతది. ఆగమని చెప్పేది స్టార్టరే. దాని నోట్లో నువ్వు పుల్ల పెడితివి."

చిన్నోడు పుల్ల పీకేసి, మూడు ఫేజులూ వస్తే తప్ప మోటరును కదలనివ్వని పరికరం బిగించాడు. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది మోటర్లన్నీ ఒక్కసారే లేవకుండా ఒకరికి నిమిషం, ఇంకొకరికి మూడు నిమిషాలు ఆలస్యం పెట్టాడు.

పెద్దోడు అన్నాడు: "ఊళ్లో పుల్లలు పెట్టేవాళ్లను చూసిన గానీ, పుల్ల తీసి సొంత పొట్ట కొట్టుకునేటోణ్ని నిన్నే చూస్తున్న తమ్మీ."

అబద్ధమేం కాదు. ఆ ఏడు వైండింగు పని సగమైపోయి, బ్యాంకు కిస్తీకి చిన్నోడు మేకలు అమ్ముకున్నాడు. కథలు చెప్పేవాళ్లు ఈ ముక్క దాచేస్తారు. ఆ తర్వాతే, కొత్త మోటరు కొనాలన్నా, బోరులో ఎంత లోతుకు దింపాలన్నా జనం కట్ట కిందికి నడవడం మొదలైంది.

నీతి: కాలినదాన్ని చుట్టడం నేర్పితే ఒక ఇల్లు గడుస్తుంది, ఎందుకు కాలిందో చూడడం నేర్పితే ఊరు గడుస్తుంది.

పెద్దోడు మోసగాడని నేననను. పరీక్షలో వాణ్ని కాయిలు చుట్టమన్నారు, చుట్టాడు. పొలానికి పోయి చూడమని ఎవరూ అనలేదు. అదే ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశాన్ని చూడండి, ఆరో తరగతితో బడి మానేసినవాడు. చీర నేతకు నూలు ఆసు పోసి పోసి అమ్మకు పట్టిన భుజం నొప్పిని రోజూ ఇంట్లోనే చూశాడు గనుక 1999లో ఆసు యంత్రం చేశాడు. మన శిక్షణ కేంద్రాల్లో బల్ల మీద మోటరుంటుంది. మామ ఉండడు, ఆయన చీకటి ఉండదు.

చిన్నోడి దుకాణంలో ఒక వార్నిష్ డబ్బా ఉంది. పీకిన పుల్లలన్నీ అందులో వేస్తాడు. అది నిండినప్పుడల్లా వాళ్లమ్మ వచ్చి, పొయ్యి రాజేయడానికి పట్టుకుపోతుంది.