లెక్కలో సందేహానికి చోటు

దేశంలో పులులెన్ని? 2023 ఏప్రిల్‌లో, ప్రాజెక్ట్ టైగర్ యాభై ఏళ్ల సందర్భంగా మైసూరులో వెలువడిన 2022 గణన జవాబు: కనీసం 3,167. జూలైలో పూర్తి విశ్లేషణ వచ్చేసరికి సగటు అంచనా 3,682, పై హద్దు 3,925 అయ్యాయి. అడవులు అవే, సర్వే అదే. కంటికి కనబడని వాటి గురించి మనిషి ఎంత గట్టిగా మాట్లాడవచ్చు?

ఈ ప్రశ్నతో జైన దార్శనికులు శతాబ్దాల పాటు తలపడ్డారు. ఏ వస్తువుకైనా ఎన్నో ముఖాలుంటాయని, ఏ ఒక్క చూపూ వాటన్నిటినీ పట్టలేదని అనేకాంతవాదం చెబుతుంది. కాబట్టి ప్రతి మాటకూ 'ఒక దృష్టిలో' అనే షరతు పెట్టాలంటుంది స్యాద్వాదం. ఉంది, లేదు, ఉండీ లేదు, చెప్పనలవి కాదు... ఇలా సాగే ఏడు పలుకుబడులే సప్తభంగి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్, 1954లో గణాంకశాస్త్ర పునాదుల గురించి రాస్తూ, సంభావ్యతా భావనకు దగ్గరి ఆలోచన ఇందులో ఉందని చూపారు. 1957లో జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కూడా స్యాద్వాదంపై ఒక వ్యాసం రాశారు.

ఆ ఆలోచన వన్యప్రాణుల లెక్కలో ఎలా పనిచేస్తుందో చూడాలంటే చుక్కల దుప్పుల సర్వే చాలు. సిబ్బంది నిర్ణీత గీత వెంట నడుస్తూ, కనబడిన మందలు ఎంత దూరంలో ఉన్నాయో రాసుకుంటారు. దూరం పెరిగేకొద్దీ కంటబడే అవకాశం తగ్గుతుంది. ఎంత వేగంగా తగ్గుతుందన్నదే చిక్కు. దానికి ఒక మోడల్ ఒక వక్రరేఖ గీస్తుంది, ఇంకో మోడల్ మరో రేఖ గీస్తుంది. ఒకదాని ప్రకారం దుప్పులు 100, రెండోదాని ప్రకారం 140 అనుకుందాం. రెండూ తమ స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత) 10 మాత్రమేనంటాయి. అప్పుడు నమ్మాల్సింది దేన్ని?

జపాన్ గణాంకవేత్త హిరోతుగు అకాయికే 1970లలో రూపొందించిన కొలమానం, డేటాకు ఏ మోడల్ ఎంత బాగా సరిపోయిందో చూస్తుంది, అనవసర సంక్లిష్టతకు జరిమానా వేస్తుంది. దాన్నిబట్టి మోడళ్లకు వెయిటేజీ ఇస్తారు. రెండింటికీ సమాన వెయిటేజీ దక్కితే సగటు 120. అయితే దాని స్టాండర్డ్ ఎర్రర్ 10 దగ్గర ఆగదు. ఒక్కో మోడల్ సగటుకు 20 దూరంలో ఉంది. ఆ దూరపు వర్గం 400ను, సొంత వేరియన్స్ (స్టాండర్డ్ ఎర్రర్ వర్గం) 100కు కలిపితే 500. దాని వర్గమూలం 22 పైచిలుకు.

అంటే మోడళ్ల మధ్య తగాదా కూడా లెక్కలోకి వచ్చింది. గెలిచిన ఒక్క మోడల్‌నే ప్రకటించి ఉంటే ఆ తగాదా పాఠకుడి కంటబడేదే కాదు.

అన్ని అభిప్రాయాలూ సమానమేనని దీని అర్థం కాదు. ఆధారం తక్కువున్న మోడల్‌కు వెయిటేజీ దాదాపు సున్నాకు పడిపోతుంది. అన్ని మోడళ్లలోనూ ఒకే లోపం ఉంటే సగటు దాన్ని సరిదిద్దలేదు. రాజస్థాన్‌లోని సరిస్కాలో పాదముద్రల లెక్కలు పులులున్నాయని చెబుతూనే వచ్చాయి. 2005 నాటికి అక్కడ ఒక్కటీ మిగల్లేదని తేలింది. ఆ దెబ్బ తర్వాతే దేశవ్యాప్త గణన పాదముద్రల పద్ధతిని వదిలి కెమెరా ట్రాప్‌లు, గణాంక మోడళ్ల బాట పట్టింది. కొత్త పద్ధతిలో 2006 నాటి తొలి అంచనా 1,411.

పలు అడవుల అంచనాలను కూడేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. అన్నిటికీ ఒకే వక్రరేఖ వాడితే, అందులోని తప్పు అన్ని అడవుల్లోనూ ఒకే వైపు లాగుతుంది. వాటిని వేటికవి స్వతంత్రమైన పొరపాట్లుగా లెక్కగడితే అనిశ్చితి ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

సందేహాన్ని పూర్తిగా తుడిచేయగల తెలివి ఏదీ లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు 1945లోనే దీనికి గణిత రూపమిచ్చారు. చేతిలో ఉన్న డేటాతో, పక్షపాతం లేని ఏ అంచనా వేరియన్సూ ఒక హద్దుకు దిగువకు పోలేదని ఆయన నిరూపించారు.

2018లో పులుల అంచనా 2,967, పరిధి 2,603 నుంచి 3,346. 2022 గణన పరిధి 3,167 నుంచి 3,925. రెండు పరిధులూ కొంతమేర కలుస్తున్నాయి. పెరుగుదలకు ఆధారం బలంగానే ఉంది, సరిగ్గా 715 పెరిగాయనడానికి మాత్రం లేదు. వచ్చే గణన ఫలితాల్లో సగటు పక్కనే కింది హద్దు, పై హద్దు కూడా అంతే పెద్ద అక్షరాల్లో అచ్చు కావాలి. పులుల అడవిలో గనికో, రోడ్డు విస్తరణకో అనుమతి అడిగినప్పుడు అధికారులు కింది హద్దునే ముందు పెట్టుకుని నిర్ణయించాలి.