అత్త సొమ్ము, అల్లుడి దానం

ధర్మశాస్త్రాల్లో దానానికి చెప్పిన లక్షణం చిన్నదే గానీ చాలా నిక్కచ్చిది. ఇచ్చేవాడు ముందు తన హక్కును వదులుకోవాలి, ఆ తర్వాతే అది పుచ్చుకున్నవాడిదవుతుంది. తనది కానిదాన్ని ఇస్తే దానికి దానమన్న పేరే రాదు. ఈ మాటనే మన పల్లెలు అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అని ఒక్క వెక్కిరింతలో తేల్చేశాయి. కరోనా కాలంలో అమెరికా ప్రభుత్వం అద్దె ఇళ్ల విషయంలో చేసిన పనిని ఈ గీటురాయి మీద పెట్టి చూడవచ్చు. 2020 సెప్టెంబరు 4 నుంచి అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, దేశమంతటా ఒక ఉత్తర్వు అమలు చేసింది. రాబడి పడిపోయిందనీ, చేతనైనంత కడుతున్నామనీ, వెళ్లగొడితే వీధిన పడతామనీ ప్రమాణపత్రం రాసిచ్చినవాళ్లను అద్దె బకాయి పేరుతో ఖాళీ చేయించరాదు. ఒంటరివాళ్లకు ఏడాదికి 99,000 డాలర్లు, దంపతులకు అంతకు రెట్టింపు ఆదాయ పరిమితి. ఉత్తర్వు మీరిన యజమానికి లక్ష డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా పడవచ్చు.

ఆ ఉత్తర్వు వెనక ఉన్న దయను తప్పుపట్టలేం. ఊరంతా జ్వరంతో మూలుగుతున్నప్పుడు పిల్లలున్న కుటుంబాన్ని గడప దాటించడం ఏ మతానికీ సమ్మతం కాదు. ఆస్తిహక్కుకు హద్దే లేదనేవాళ్లు తమ పక్షాన తత్వవేత్త జాన్ లాక్‌ను పిలుస్తారు గానీ, గత్యంతరం లేని పేదవాడికి ఉన్నవాడి మిగులులో హక్కుందని రాసిందీ ఆయనే. అంతకు నాలుగు శతాబ్దాల ముందే క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్, ప్రాణం మీదికి వచ్చిన అవసరంలో వస్తువులన్నీ ఉమ్మడివేనన్నాడు. యూదుల ధర్మశాస్త్రమైతే మరీ సూటిగా, పేదవాడి పైబట్టను తాకట్టు పెట్టుకున్నవాడు పొద్దుగుంకేలోపు దాన్ని తిరిగివ్వాలంటుంది. చలికి అతను కప్పుకునేది అదొక్కటే కదా. ఇలాంటి దయ భారాన్ని ఊరందరూ పంచుకోవాలన్న నా వాదానికి ఇక్కడే గట్టి ఆక్షేపణ ఎదురవుతుంది. ఆ శాసనం భారాన్ని ఊరందరి మీదా వేయలేదు, బట్ట ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మీదే వేసింది. మరి ఇల్లు ఎవరిదైతే వాళ్లే ఎందుకు మోయకూడదు? మోయాలి, కొంతవరకు. కానీ అక్కడ అడిగింది రాత్రి చలికి కప్పుకునే బట్ట. సీడీసీ ఉత్తర్వు పొడిగింపుల మీద పొడిగింపులతో 2021 ఆగస్టు దాకా, అంటే దాదాపు ఏడాది నడిచింది. పైగా ఆ శాసనం మనిషి అంతరాత్మతో మాట్లాడుతుంది. దేవుడు నీ చేత ఇప్పించడం వేరు, నీ చేయి పట్టుకుని ప్రభుత్వం ఇచ్చి పుణ్యం తన ఖాతాలో రాసుకోవడం వేరు.

అమెరికా చరిత్రలోనే ఇంతకంటే న్యాయమైన దారులు కనిపిస్తాయి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వాషింగ్టన్‌లో ఇళ్లకు కటకట వచ్చినప్పుడు, గడువు ముగిసినా అద్దెకున్నవాళ్లను కదిలించకూడదని 1919లో చట్టం తెచ్చారు. 1921లో సుప్రీంకోర్టు, తీర్పు రాసిన న్యాయమూర్తి హోమ్స్‌తో సహా అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపుగా, దాన్ని నిలబెట్టింది. ఆ చట్టం కింద ఇంట్లో ఉండాలంటే అద్దె కడుతూ ఉండాలి. మాంద్యం రోజుల్లో మిన్నెసోటా రాష్ట్రం 1933లో తాకట్టు ఇళ్లూ పొలాలూ అప్పులవాళ్ల పాలు కాకుండా గడువు పొడిగించింది. 1934లో కోర్టు దాన్నీ అంతే స్వల్ప ఆధిక్యంతో సమర్థించింది. అక్కడా గడువు కావాలన్నవాడు ఆ ఆస్తికి తగిన అద్దెలాంటి మొత్తం కడుతుండాలి. రెండు చోట్లా ప్రభుత్వం కాలాన్ని అడిగింది, సొమ్మును కాదు.

2020లోనూ అద్దె మాఫీ చేయలేదు కదా, బకాయిగానే ఉంది కదా అన్నారు ఉత్తర్వును సమర్థించినవాళ్లు. కాగితం మీద అది నిజం. ఉద్యోగం ఊడి, ఏడాది బకాయి నెత్తిన పడ్డ మనిషి దగ్గర దాన్ని రాబట్టుకోవడం ఎండిన బావిలో చేద వేయడమే. ఆ ఏడాదీ యజమాని పన్నూ, మరమ్మతుల ఖర్చూ ఎక్కడా ఆగలేదు. ప్రభుత్వానికి ఈ చిక్కు తెలియక కాదు. రెండు విడతలుగా దాదాపు 46 వందల కోట్ల డాలర్ల అద్దె సాయాన్ని అక్కడి చట్టసభ కాంగ్రెస్ మంజూరు చేసింది, ఊరందరి భారం ఊరందరి డబ్బుతో తీర్చడమంటే అదే. కానీ 2021 జులై ముగిసేసరికి అందులో ఇళ్లకు చేరింది తొమ్మిదో వంతు. నిషేధం ఒక్క సంతకంతో పుట్టింది, సాయం మాత్రం రాష్ట్రాల, కౌంటీల దరఖాస్తుల్లో ఇరుక్కుంది. (తెలంగాణలో 2020 ఏప్రిల్‌లో మూడు నెలల అద్దె అడగొద్దు, తర్వాత వాయిదాల్లో తీసుకోండి అన్నప్పుడూ ఇదే తీరు. రెండు పోర్షన్ల అద్దె మీద బతికే ముసలివాళ్లకు ఆ మూడు నెలలు ఎవరు వాయిదా వేస్తారు?)

యజమానులంటే ధనవంతులే గదా అనేవాళ్లకు జవాబు కష్టం కాదు. ధనవంతుడైతే పన్ను వేయండి, అతని పక్కింటి ధనవంతుడికీ వేయండి. షేర్లలో పెట్టినవాడిని వదిలేసి ఇంట్లో పెట్టినవాడినే పట్టుకోవడానికి కారణం, అతని ఇంట్లో పేదవాడు ఉండటమే. అంటే పేదవాడికి అద్దెకివ్వడమే అతని నేరమైంది. అంటువ్యాధి వాదం ఇంతకంటే బరువైనది. మంటలు పాకకుండా పక్కింటిని కూల్చినప్పుడు నష్టపరిహారం లెక్క తీస్తూ కూర్చోం. నిజమే, ఆ రాత్రి కూర్చోం. తెల్లారాకైనా కూర్చోవాలి గదా.

2021 ఆగస్టు 26న సుప్రీంకోర్టు ఆరు, మూడు తేడాతో ఉత్తర్వును ఆపేసింది. కాంగ్రెస్ ఇంత అధికారం సీడీసీకి ఇవ్వలేదన్నదే అందుకు ప్రధాన కారణం, పరిహారం సంగతి తేల్చలేదు. అది యజమానులు పరిహారం కోరుతూ వేసిన దావాతో మరో కోర్టులో మొదలైంది. అక్కడ ప్రభుత్వ వకీళ్ల వాదన చిత్రమైనది. ఆ ఉత్తర్వు మా అధికారానికి మించినదని కోర్టే చెప్పింది, కనుక అది ప్రభుత్వం తీసుకున్నట్టు కాదు, డబ్బు ఇవ్వనక్కర్లేదు అన్నారు. కింది కోర్టు ఒప్పుకుంది. 2024 ఆగస్టులో పై కోర్టు ఫెడరల్ సర్క్యూట్ ఒప్పుకోలేదు, యజమానుల దావా నడవాల్సిందేనంది. దానం చేసిననాడు ఆ సొమ్ము తనదేనన్న అల్లుడు, అత్త లెక్క అడిగేసరికి అసలు ఇచ్చింది తానే కాదంటున్నాడు.