శిశువు ఎవరి సొత్తు?

అన్నవస్త్రము లొసగినంతమాత్రమున శిశువునకు న్యాయము చేకూరునా? అర్జెంటీనా దేశపు వృద్ధమాతల చరిత్రము ఈ ప్రశ్నకు సమాధానము.

1976 నుండి 1983 వరకు అచ్చట సైనికపాలన సాగినది. పాలకులు తమ్ము వ్యతిరేకించినవారిని రహస్యముగా బంధించి హతమార్చిరి. చెఱలో జన్మించిన శిశువులను, తల్లిదండ్రులతో పట్టుబడిన పసివారిని పేర్లు మార్చి పరులకు అప్పగించిరి. అట్టివారు సుమారు 500 మంది యని అంచనా. 1977లో వారి అమ్మమ్మలు, నాయనమ్మలు సంఘముగా నేర్పడి మనుమల జాడ నడుగసాగిరి. ఆ యేడాదియే, బిడ్డలకై వెదకుచున్న తల్లుల సంఘస్థాపకులలో ముగ్గురిని సైనికులు అపహరించి చంపిరి. అయినను వృద్ధమాతలు వెనుదీయలేదు. 1987లో రక్తసంబంధమును నిర్ధారించు జన్యుసమాచారనిధి ఏర్పడినది. ఇంతవరకు 130 మందికి పైగా తమ జన్మవృత్తాంతము నెఱిగిరి.

పెంచిన యశోద తల్లి కాదా యని శంక కలుగవచ్చును. కాని శ్రీకృష్ణుని వ్రేపల్లెకు చేర్చినవాడు కన్నతండ్రియే. ఇచ్చటనో, కన్నవారిని చంపిన చేతులే బిడ్డలను పంచిపెట్టినవి. పెంచినవారిలో ఏమియు నెఱుగనివారును ఉండవచ్చును. వారి ప్రేమ సత్యమే. అయినను ఆ ప్రేమ పాలకుల దోషమును మాపజాలదు.

శిశువు పాలకుని సొత్తు కాదు. తన పక్షమున తాను అడుగజాలదు గనుక పెద్దలే అడుగవలెను. దండనభయము ఆ ఋణమును తీర్పదు.