మంచు ఇంట ఒక రాత్రి: బిడ్డను ఎవరు అడిగినారు?



మన తెలుగులో మంచు అను మాట ఒక్కటే. తెల్లవారుజామున రాగి ఆకు మీద నిలిచిన నీటిబొట్టు మంచు. మార్గశిరములో కుందారపల్లి కూట్రోడ్డు దగ్గర లారీల దీపములు సహితము కనబడకుండ కమ్ముకొనునది మంచు. హిమాలయములమీద ఏండ్ల తరబడి గడ్డకట్టి యున్నదియు మంచే. చలిదేశముల వారికి వీటన్నిటికి వేరువేరు పేర్లున్నవి. మనకు ఆ అవసరము రాలేదు. శుక్రవారపు సంతకు మేకలను తోలుకొని వచ్చు మన రైతుకు "మంచుతో కట్టిన హోటలు" అని చెప్పినయెడల, పొగమంచుతో గోడ ఎట్లు కట్టెదరని నవ్వును. అయినను ఆ మాట ఇప్పుడు మన ఇండ్లలోనికి వచ్చినది. మన బిడ్డలు బెంగుళూరులో ఉన్నారు, కొందరు స్వీడన్, ఫిన్లాండు, కెనడా దేశములలో ఉద్యోగములు చేయుచున్నారు. సెలవు వచ్చినయెడల మంచు గదిలో ఒక రాత్రి పండుకొనుట కూడ వారి విహారములలో ఒకటైనది. పెద్దవారు పోయి పండుకొనుట వారి ఇష్టము. చిన్నబిడ్డలను వెంట తీసికొనిపోవుట న్యాయమా? దీనిని గూర్చి కొంచెము ఆలోచించుదము.

ముందుగా ఈ హోటలు సంగతి తెలియని వారి కొరకు నాలుగు మాటలు. స్వీడన్ దేశపు ఉత్తర కొనలో, ఆర్కిటిక్ వృత్తమునకు సుమారు 200 కిలోమీటర్ల పైన, యూకస్‌యార్వి అను చిన్న ఊరున్నది. అక్కడ టోర్నె నది ప్రవహించును. 1990లో ఆ ఊరిలో మంచుతో ఒక శాల కట్టి అందులో చిత్రములు ప్రదర్శనకు పెట్టినారు. చూడవచ్చిన వారిలో కొందరికి రాత్రికి గదులు దొరకలేదు. అనుమతి అడిగి, ఆ శాలలోనే రెయిన్‌డీర్ అను జింక తోళ్లు పరచుకొని, సంచివంటి పడకలలో దూరి పండుకొన్నారు. గతిలేక పండుకొన్న ఆ రాత్రినుండి ఒక వ్యాపారము పుట్టినది. అప్పటినుండి ప్రతి చలికాలము నది గడ్డలను కోసి హోటలు కట్టుదురు, వసంతములో అది కరిగి మరల నదిలో కలిసిపోవును. బయట సున్నాకు ముప్పది డిగ్రీలు తక్కువగా ఉన్నను లోపల అయిదు నుండి ఎనిమిది డిగ్రీలు మాత్రమే తక్కువగా నుండును. ఫిన్లాండులోని కెమి పట్టణములో 1996 నుండి మంచు కోట కట్టుచున్నారు. అందులో మంచుతోనే కట్టిన చిన్న ప్రార్థనాలయము కూడ ఉండును, పెండ్లిండ్లు జరుగును. (కరిగిపోవు గుడిలో చేసిన పెండ్లి నిలుచునా అని మన సంఘములో ఎవరైనను అడుగవచ్చును. సిమెంటు గుడిలో చేసినవి అన్నియు నిలిచినవా అని మేము తిరిగి అడుగుదుము.) కెనడాలో క్యుబెక్ దగ్గర 2001 నుండి ఇట్టిది ఒకటున్నది. మన దేశములోనే మనాలికి పైన, సుమారు 2700 మీటర్ల ఎత్తునున్న సేథన్ అను పల్లెలో ఊరి యువకులు గుండ్రని మంచు గదులు కట్టి యాత్రికులకు ఇచ్చుచున్నారు. వాటిని ఇగ్లూ అందురు. మన వారికి దగ్గరైనది అదే.

మా తమ్ముని కుమారుడొకడు అక్కడికే పోవలెనని అనుకొన్నాడు. పెద్దబిడ్డకు తొమ్మిది ఏండ్లు, చిన్నదానికి అయిదు. ఇంట్లో వాదము పుట్టినది. "ఎండలో పుట్టిన బిడ్డలను తీసికొనిపోయి ఐసుపెట్టెలో పెట్టెదవా?" అని వారి అవ్వ. "ఒక రాత్రికి అంత డబ్బా? తెల్లవారి కరిగిపోవు ఇంటికా?" అని భార్య. "బిడ్డలు కొంచెము గట్టిపడనీ, పెద్దనాయనా, మీరే చెప్పండి" అని అతడు. ముగ్గురి మాటలలోను కొంత న్యాయమున్నది గనుక ఒక్కొక్కటి చూతము.

కరిగిపోవును గనుక వ్యర్థమను మాటను మేము త్వరగా విడిచిపెట్టుదుము. మన స్త్రీలు తెల్లవారి వేసిన ముగ్గు మధ్యాహ్నమునకు ఉండదు. పెండ్లి చప్పరము మూడు దినములు. హోసూరు తోటలలో కోసిన రోజాపూలు వారము నిలిచిన గొప్ప. నిలువదు అన్నంత మాత్రాన ఒకదానిని తప్పు అనకూడదు. మదరాసులో ఐస్ హౌస్ అను కట్టడమును మనలో చాలమంది చూచియుందురు. అమెరికాలోని బోస్టన్ పక్కల సరస్సులలో కోసిన మంచుగడ్డలను రంపపు పొట్టులో పొదిగి, ఓడలలో నెలల తరబడి తెచ్చి, నిలువ చేయుటకు 1842లో కట్టినది అది. అంతకుముందు 1833లో కలకత్తాకు వచ్చిన మొదటి ఓడలో సుమారు 180 టన్నులు ఎక్కించగా 100 టన్నులు మాత్రమే చేరినవట. మిగిలినది సముద్రము పాలు. అయినను కొన్నారు. నాడు దొరలు చల్లదనమును కొన్నారు, నేడు మన బిడ్డలు కొనుచున్నారు. ఖర్చు తాహతుకు మించినదా, అప్పు చేసి పోవుచున్నారా అనునది వేరు ప్రశ్న. దానికి మంచుతో సంబంధము లేదు.

అవ్వ భయము అంత తేలికైనది కాదు. పాఠశాలలో మేము బిడ్డలకు చెప్పిన ఉదాహరణ ఇది: కాగుచున్న కాఫీని పెద్ద గిన్నెలో కొంత, చిన్న గ్లాసులో కొంత పోసి పెట్టండి. ఏది ముందు చల్లారును? చిన్న గ్లాసే. బిడ్డ శరీరము చిన్న గ్లాసు. బరువుతో పోల్చినయెడల చర్మము ఎక్కువ, గనుక వేడి త్వరగా పోవును. పైగా చలి వేయుచున్నదని పెద్దవాడు నోరు తెరచి చెప్పును. అయిదేండ్ల బిడ్డ ఆడుకొనుచు చెప్పదు, చివరకు సణిగి మూలకు చేరును, నిద్రమత్తుగా కనబడును. చలి లోతుగా పట్టినదనుటకు అదియే గురుతు. తల్లిదండ్రులు అది నిద్ర అనుకొందురు.

అయితే మంచు తానే శత్రువు కాదు. కొత్తగా పడిన మంచులో ఎక్కువ భాగము గాలియే. ఆ గాలి కదలదు గనుక వేడిని పోనివ్వదు. మన గొర్రెల కాపరి కప్పుకొను కంబళి చేయు పనియే అది. ధ్రువప్రాంతపు జనులు బుద్ధిలేక మంచుతో ఇండ్లు కట్టలేదు. ప్రమాదము వచ్చునది మనుష్యులు తెలియక చేయు పనులవలన. నూలు బట్ట చెమటకు తడిసి చల్లబడును, ఉన్ని బట్ట తడిసినను కొంత కాపాడును. కింద తోలు గాని మందమైన పరుపు గాని లేక మంచుమీద పండుకొన్నయెడల, పైన ఎన్ని దుప్పట్లు కప్పినను కిందినుండి వేడి పోవును. చలియని బిడ్డ తలను సంచిలోపలికి దూర్చినయెడల ఊపిరి తేమకు లోపలంత తడియగును. కడుపునిండ తినిపించి, మూత్రమునకు పంపి పండుకొనబెట్టవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, మంచు గదిలో గాలి పోవు రంధ్రమును మూయకూడదు, లోపల నిప్పు పెట్టకూడదు. ఇది మంచు హోటలుకు పోనివారికిని చెప్పుచున్నాము. ఉత్తరదేశములో ప్రతి చలికాలము తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకొని పండుకొని, తెల్లవారి లేవని కుటుంబములను గూర్చి పత్రికలలో చదువుచున్నాము. కార్బన్ మోనాక్సైడు అను ఆ వాయువునకు వాసన లేదు, రంగు లేదు. ఊటీ పోయినను కొడైకానల్ పోయినను జ్ఞాపకముంచుకొనవలెను.

ఇవన్నియు తెలిసికొని, తెలిసినవారి చేతిలో పనిపెట్టి, ఆరోగ్యముగా ఉన్న బిడ్డను తీసికొనిపోయినయెడల అది దుస్సాహసమని మేము అనము. రోడ్డుమీద హెల్మెటు లేక ముగ్గురిని స్కూటరుపై కూర్చుండబెట్టుకొని సంఘమునకు వచ్చు తండ్రి ఇంతకంటె పెద్ద ప్రమాదమునకు బిడ్డలను అప్పగించుచున్నాడు. దానిని మనము ప్రతి ఆదివారము చూచి ఊరకున్నాము.

ఇక తండ్రి మాట. "గట్టిపడనీ." ఇక్కడ మాకు ఎక్కువ అభ్యంతరమున్నది.

మన హోసూరు, డెంకణికోట, తళ్లి ప్రాంతములలో రాగి పంటకు వచ్చు కాలమున అడవినుండి ఏనుగులు దిగును. చేను కాపాడుటకు రైతులు మంచెమీదనో చెట్టుమీదనో రాత్రులు గడుపుదురు. పూర్వము తండ్రితోపాటు పదేండ్ల కుమారుడు కూడ పోవువాడు. గోనెపట్టా కప్పుకొని, టిన్ను డబ్బా కొట్టుచు, నిద్ర ఆపుకొనుచు తెల్లవార్చువాడు. ఆ చలి సేథన్ చలి కాదు గాని, ఆ బిడ్డ ఒంటిమీద ఉన్నదియు ఒక పంచె, ఒక చొక్కా మాత్రమే. అతడు గట్టిపడినాడా? పడియుండవచ్చును. అయితే చలివలన కాదు. తాను డబ్బా కొట్టనియెడల చేను పోవునని అతనికి తెలిసినందువలన. తండ్రికి అతడు అవసరము. ఆ అవసరమే అతనిని నిలబెట్టినది. ఆ బ్రతుకు మంచిదని మేము పొగడుట లేదు. బడికి పోవలసిన బిడ్డ ఏనుగుకు ఎదురు కూర్చుండుట ఎవరికిని రాకూడదు. మేము చెప్పునది వేరు. మంచు హోటలులో బిడ్డను ఏ చేను పిలువదు. అతడు ప్రయాణికుడు. పక్కన వెచ్చని గది ఉన్నది, తెల్లవారి వేడి పానీయము వచ్చును. ఇది ఆట. ఆటలో తప్పు లేదు. ఆటను తీసికొని కష్టమని పేరు పెట్టుటలోనే అబద్ధమున్నది. ఢిల్లీలో డిసెంబరు రాత్రి కాలిబాటపై పండుకొన్న కూలివాని బిడ్డకు పక్కన వెచ్చని గది లేదు. అతని చలియు మన బిడ్డ చలియు థర్మామీటరులో ఒక్కటే అయినను ఒక్కటి కాదు. లేచి పోగలిగిన చలి వేరు, లేచి పోలేని చలి వేరు. బిడ్డ అక్కడినుండి వచ్చి "నేను చలిని గెలిచినాను" అనుకొన్నయెడల, కాలిబాటపైవాడు ఎందుకు గెలువలేకపోయినాడని కూడ ఒక దినము అనుకొనును. ఇదియే మా భయము. "చూచితివా, ఎంత బాగున్నదో" అని చెప్పి తీసికొనిపోవు తండ్రి, "గట్టిపడుము" అని తీసికొనిపోవు తండ్రికంటె మేలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ ముగ్గురును వాదించుచున్నంతసేపు, అయిదేండ్ల చిన్నదానిని ఎవరును అడుగలేదు. అడిగినను ఏమి చెప్పగలదు అని మీరు అనవచ్చును. నిజమే. మంచు అనగా ఏమో ఎరుగని బిడ్డ సరే అన్నంత మాత్రాన అది సమ్మతి కాదు. హైదరాబాదులో 2004 నుండి స్నో వరల్డ్ అను స్థలమున్నది, అక్కడికి పోయి వచ్చిన బిడ్డకు ఒక గంట చలి తెలియును, రాత్రి చలి తెలియదు. టీచరు ట్రైనింగులో మాకు నేర్పిన ఒక సంగతి మేము నలుబది ఏండ్లు తరగతిలో చూచితిమి. బిడ్డ ఊరకున్నయెడల ఒప్పుకొన్నట్లు కాదు. పెద్దవాని ముఖము చూచి, ఏ జవాబు కావలెనో గ్రహించి, ఆ జవాబు ఇచ్చును. తండ్రి కండ్లలో సంతోషము చూచి "పోదాము నాయనా" అనును. కాబట్టి ముందుగా తీసికొను సమ్మతికి మేము పెద్ద విలువ ఇయ్యము.

బిడ్డ సమ్మతించుట ఎరుగదు గాని వద్దనుట బాగుగ ఎరుగును. పుట్టిననాటినుండి దానికి వచ్చిన మొదటి విద్య అదే. కాబట్టి తల్లిదండ్రులు బిడ్డకు ఇయ్యవలసినది, ముందుగా అవుననుటకు అవకాశము కాదు, నడిరాత్రి వద్దనుటకు అవకాశము. రెండు గంటలవేళ చిన్నది లేచి "ఇంటికి పోదాము" అని ఏడ్చినప్పుడు తండ్రి నోట ఏ మాట వచ్చును? "ఇంకొక నాలుగు గంటలు ఓర్చుకొనుము, డబ్బు కట్టితిమి గదా" అని వచ్చినయెడల, అక్కడ తప్పు మొదలైనది. చలి చంపకపోవచ్చును, జ్వరము కూడ రాకపోవచ్చును. అయినను బిడ్డ ఏడ్పుకంటె రూపాయి పెద్దదని ఆ రాత్రి దానికి తెలిసిపోవును. అట్లే ఫోటో. మంచు మంచముమీద నవ్వుచున్న బిడ్డ ఫోటో బంధువులందరికి పంపుదురు. ఆ నవ్వు కొరకు ఎన్నిసార్లు టోపీ తీయించినారో ఫోటోలో కనబడదు.

ఆ పెద్దబిడ్డకు తొమ్మిది గనుక అతనికి సంగతులన్నియు ముందుగా చెప్పవచ్చునని, మంచులో గాలి ఎందుకు నిలుచునో వివరించినయెడల వాడు పాఠము మరచిపోడని మేము వ్రాసితిమి. చిన్నదానికి ఆ రాత్రి తల్లితో వెచ్చని గదిలో పడక ముందుగానే ఉంచుకొనుమని, పగలు ఇగ్లూలో కావలసినంతసేపు ఆడనిమ్మని, రాత్రికి తానే వచ్చెదనన్నయెడల రానిమ్మని చెప్పితిమి. అందులో రెండింతల ఖర్చు ఉన్నదని అతడు అన్నాడు. ఉన్నది. రెండు పడకలకు తాహతు లేనివాడు బిడ్డలు పెద్దవారగువరకు ఆగవచ్చును. మంచు ప్రతి సంవత్సరము పడును.

దూరదేశములలో ఉన్న మన కుటుంబములవారు కూడ ఇట్టి స్థలములకు పోవునప్పుడు, గోడల అందమును గూర్చి, దీపములను గూర్చి అడుగుటకు ముందు ఒక సంగతి అడిగి తెలిసికొనవలెను: రాత్రి బిడ్డ లేచినయెడల వెచ్చని గది ఎన్ని అడుగుల దూరము, దాని తలుపు ఆ వేళ తీసియుండునా, తాళము ఎవరి దగ్గర ఉండును?