కాసేపు నేల మీద కూర్చో నాయనా

చెప్పులు వేసుకునే ముందు ఒక్క మాట విని వెళ్లు నాయనా. ఆలస్యమేం కాదులే, ఇలా గుమ్మంలో నిలబడే విను.

నిన్న సాయంత్రం మీ బుడ్డోడు మా అరుగు మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గళ్లు గీశాడు. అడ్డం అయిదు, నిలువు అయిదు. గీతలు వంకరటింకరగా వచ్చాయి గానీ, ఇళ్లలో ఇంటూ గుర్తులు ఒక్కటీ మరిచిపోలేదు. "నాన్నా, రా" అని నిన్ను మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ ఫోను చూసుకుంటూనే "ఒక్క నిమిషం" అన్నావు. నాలుగోసారి వాడు పిలవలేదు. నేను విన్నది ఆ పిలవకపోవడాన్నే.

నువ్వు మంచి తండ్రివి. ఈ పరుగంతా వాడి కోసమేనని నాకు తెలీదా? పోయిన నెల బోలెడు డబ్బు పోసి రిమోట్ కారు కొన్నావు. రెండు రోజులు తిప్పి మూలన పడేశాడు. వస్తువుతో ఎంతసేపని ఆడతాడు? ఎదురుగా మనిషి ఉండాలి. కాసేపు నేల మీద కూర్చో, అదే నేనడిగేది.

కూర్చున్న ఆ ఒక్క రోజైనా ఏం చేశావు? వామనగుంతల పీట ముందు పెట్టుకుని "ఏడు గుంతల్లో నాలుగేసి గింజలైతే ఎన్ని?" అని ఎక్కాలు మొదలుపెట్టావు. వాడు గింజలు అక్కడే వదిలేసి లేచిపోయాడు. ఒక్కో గింజా వేసుకుంటూ పోతే చివరిది ఎక్కడ పడుతుంది, దాని తర్వాతి గుంత ఖాళీ అయితే ఆ పక్క గుంతలోవి తన చేతికొస్తాయా లేదా అని అప్పటికే వాడు కళ్లతో లెక్కేస్తున్నాడు. నీ ఎక్కం కంటే పెద్ద లెక్కే అది. మధ్యలో దూరి చెడగొట్టావు. ఆటని ఆటగా ఉండనియ్యి నాయనా.

"పెద్దవాళ్లకి ఆటలేంటి పెద్దమ్మా" అంటావు. మా నాన్నగారు బడిపంతులు. ఆయన వీధిలో వస్తుంటే పిల్లలు గోడవార నక్కేవారు. ఆ మనిషే వానాకాలం రాత్రుళ్లు లాంతరు పక్కన బొగ్గుతో పులీమేక గీసేవారు. మూడు పులులు ఆయనవి, పదిహేను మేకలు నావి. పులులకి గులకరాళ్లు, మేకలకి చింతగింజలు. పిల్లదాన్ని కదా అని కావాలని ఎన్నడూ ఓడలేదు. నా తొమ్మిదో ఏట ఓ రాత్రి మూడు పులుల్నీ కదలనీకుండా కట్టేశాను. ఆయన వంగి అటు చూశారు, ఇటు చూశారు. దారి లేదు. కాసేపు మీసం దువ్వుకుని, రాళ్లన్నీ పోగేసి నా వైపు జరిపి, "మళ్లీ పెట్టు" అన్నారు. అంత మనిషి, నా చేతిలో ఓడి, మళ్లీ పెట్టు అన్నారు! ఆ రాత్రితో ఆయనంటే భయం పోయింది, గౌరవం పోలేదు. పెళ్లయ్యాక కష్టమొస్తే ముందు ఆయనకే చెప్పుకున్నాను. ఆ చనువు లాంతరు దగ్గరే పుట్టింది. రేపు మీవాడికి పదిహేనేళ్లొచ్చి గది తలుపు వేసుకున్నాక, బయట నిలబడి "ఏమైందిరా" అంటే చెప్తాడా? ఇప్పుడు కూర్చుంటే అప్పుడు చెప్తాడు.

ఇది నా ఒక్కదాని చాదస్తం అనుకోకు. 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆటనీ విశ్రాంతినీ పిల్లల హక్కుగా రాసింది. 1992లో మన దేశమూ ఒప్పుకుంది. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్లు వంచి కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడి, బస్సు, ట్యూషన్, హోంవర్కు... మీవాడి రోజులో ఆ గంట ఎక్కడుందో వెతుకు. వీధి పిల్లలతో ఏడుపెంకులాట ఆడనియ్యి. మోకాలు గీరుకుంటే పసుపు రాద్దాం. తగువు పడితే నువ్వు పరిగెత్తకు, వాళ్లే తేల్చుకుంటారు.

నీ సంగతీ చెప్పనీ. ఆఫీసు నుంచి వచ్చి నుదుటి మీద ముడితోనే అన్నం తింటున్నావు. ఎనిమిది పడగానే "అష్టా!" అని నువ్వు కేక పెట్టి ఎన్నేళ్లయింది? చిన్నప్పుడు నీ కేక మా వంటింట్లోకి వినపడేది. ఫోనులో డబ్బు పెట్టి ఆడే పేకాటని మాత్రం ఆటనకు. ఆడి లేస్తే మనిషి తేలికపడాలి, అప్పులపాలు కాకూడదు.

ఇదిగో, ఈ మూట తీసుకో. మా అమ్మ గవ్వలు, నాలుగూ ఉన్నాయి. అరిగాయి గానీ బాగా పడతాయి. అరుగు మీద గళ్లు నేను తుడవలేదు, గీతలు వంకరగా ఉన్నాయని నువ్వూ సరిచెయ్యకు. సాయంత్రం వాడు పిలిచేదాకా ఆగకుండా నువ్వే పిలువు. మొదటి పందెం వాణ్ని వెయ్యనియ్యి.