నీళ్ల ట్యాంకు దాకా

తెల్లవారుజామున వీపున పన్నెండు కిలోల సంచీతో మా అపార్టుమెంటు మెట్లెక్కుతున్నాను. మూడో అంతస్తులో పాల ప్యాకెట్లు తీసుకుంటున్న పెద్దావిడ ఆగి చూసింది.

"లిఫ్టు చెడిపోయిందా బాబూ?"

"లేదండీ. కొండెక్కడానికి అలవాటు చేసుకుంటున్నాను."

"తిరుమలకైతే అంత బరువెందుకు?"

నవ్వేసి పైకెళ్లిపోయాను కానీ ఆ మాట వెంటే వచ్చింది. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కితే మొక్కు తీరుతుంది. దిగడానికి బస్సుంది. నేను వెళ్లాలనుకుంటున్నది నేపాల్‌లోని మేరా శిఖరానికి. అక్కడ ఎక్కిన ప్రతి అడుగూ మళ్లీ నా కాళ్లతోనే దిగాలి.

మేరా ఎత్తు 6,476 మీటర్లు. మామూలు దారిలో నిట్టనిలువు బండలు పట్టుకుని పాకే పని ఉండదు. బూట్లకు క్రాంపాన్లనే ఇనుప ముళ్లు, చేతిలో ఐస్ యాక్స్, మంచు పగుళ్ల భయానికి నడుముకో తాడు. మిగతాదంతా నడకే. "నడవగలిగితే చాలు" అంటారు. ఆ 'చాలు'లోనే ఉంది చిక్కంతా. అక్కడి గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు.

నాకు లెక్కలంటే ధైర్యం. సుమారు 5,800 మీటర్ల దగ్గరుండే పై శిబిరం నుంచి శిఖరానికి దాదాపు 680 మీటర్లు. మా అయిదంతస్తులు పదిహేను మీటర్లనుకుంటే నలభై అయిదు సార్లు ఎక్కాలి. అలా కాళ్లను హైదరాబాద్‌లోనే తయారు చేసుకోవచ్చు. ఊపిరిని మాత్రం ఇక్కడ తయారు చేసుకోలేం. మారథాన్ పరుగెత్తేవాడికైనా పైకెళ్లాక తల పగిలిపోవచ్చు. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదంటారు. ఒంట్లో ఎర్రకణాలు పెరగడానికి వారాలు పడుతుంది. ఆ పనిని తొందరపెట్టే పట్టుదల ఎవరి దగ్గరా లేదు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు ముదిరితే అన్నిటికన్నా ముందు చేయాల్సింది కిందికి దిగడం.

మేరాను మొదట ఎక్కింది 1953 మే 20న, జిమ్మీ రాబర్ట్స్, సేన్ టెన్జింగ్. ఎవరెస్టును మనుషులు తొలిసారి ఎక్కడానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు. ఆ ఎవరెస్టు బృందానికి ఆక్సిజన్ సిలిండర్లు చేర్చిన మనిషే రాబర్ట్స్. వేరేవాళ్లకు ఊపిరి అప్పగించి, తను ఇటు తిరిగాడు. శిఖరం పేరుకన్నా ఆ తిరగడమే నాకెక్కువ గుర్తుంటుంది.

మా మేడ మీద శిఖరమంటే నీళ్ల ట్యాంకే. రోజూ దాన్ని ముట్టుకుని వెనక్కి తిరుగుతాను. దిగుతున్నందుకు ఏ రోజూ బాధ పడలేదు. మంచు మీద, కళ్లెదుట కొస కనిపిస్తుండగా, గైడు "ఇక చాలు" అంటే ఇంత తేలిగ్గా తిరగగలనా? సెలవులు, పొదుపు చేసిన డబ్బు, ఊరంతా చెప్పుకున్న గొప్పలు, అన్నీ వీపు మీదే ఉంటాయి. సంచీలో తూకానికి దొరకని బరువు అది.

నిన్న ముప్పయ్యోసారి ఎక్కాక మోకాలు సలపడం మొదలైంది. ఇంకో పదిహేను మిగిలే ఉన్నాయి. లెక్క పూర్తి చేయమని మనసు ఒకటే పోరు. సంచీ దించి, పుస్తకంలో 30 అని రాసుకుని కిందికి వచ్చేశాను.

"ఇవాళ అప్పుడే అయిపోయిందా?" అంది పెద్దావిడ.

"ఇవాళ్టి పాఠం ఇదేనండీ" అన్నాను.