సంశయానికి హద్దు

ఒక మందు పనిచేస్తుందా, ఒక అలవాటు రోగం తెస్తుందా అన్నది వందలమంది, వేలమంది లెక్కలు చూసి తేల్చడం జీవగణాంక శాస్త్రవేత్త వృత్తి. పైకి అంకెల పనిలా కనిపించే ఈ వృత్తి అడుగున రెండు ధర్మసందేహాలు ఉన్నాయి. తెలియనిదాన్ని తెలుసుకోవడం కోసం రోగుల్లో కొందరికి మందిచ్చి, కొందరికి ఇవ్వకుండా ఉండవచ్చునా అన్నది ఒకటి. కొంత తెలిసి, కొంత సంశయం మిగిలినప్పుడు ఎప్పుడు చర్యకు దిగాలి, ఎంతవరకు ఆగాలి అన్నది రెండోది. మొదటిదానికి ‘తెలియదు’ అని ఒప్పుకునే నిజాయితీ కావాలి. రెండోదానికి ‘తెలియదు’ అన్న మాట చాటున దాక్కోని నిజాయితీ కావాలి. ఈ రెండు సందేహాలనూ ఒకే జీవితకాలంలో నేరుగా ఎదుర్కొన్నవారిలో ఇంగ్లండుకు చెందిన ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్‌ది మొదటి వరుస.

హిల్ 1897లో లండన్‌లో పుట్టారు. తండ్రి లెనార్డ్ హిల్ పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. తానూ డాక్టరు కావాలన్నది కొడుకు కోరిక. మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకాదళ విమాన విభాగంలో పైలట్‌గా వెళ్ళిన హిల్‌కు క్షయ సోకింది. 1917లో ఇంటికి పంపించేసినప్పుడు ఆయన బతుకుతారని పెద్దగా ఎవరూ ఆశపడలేదు. ఏళ్ళ తరబడి మంచానికే పరిమితమయ్యారు. వైద్యవిద్య ఆశ వదులుకుని, ఇంటి దగ్గరే చదువుకుని 1922లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి అర్థశాస్త్రంలో పట్టా తీసుకున్నారు. తండ్రికి ఆప్తుడైన మేజర్ గ్రీన్‌వుడ్ అనే గణాంకవేత్త (‘మేజర్’ ఆయన పేరే, సైన్యంలో హోదా కాదు) చేయి అందించడంతో మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ నిధులు దొరికాయి. ఎసెక్స్ పల్లెల్లో వయసులో ఉన్నవారి మరణాల మీద చేసిన పరిశోధనతో వృత్తిజీవితం మొదలైంది. 1937లో ‘లాన్సెట్’ పత్రికలో వరుసగా రాసిన వ్యాసాలు పుస్తకంగా వచ్చి, లెక్కలంటే బెదిరే వైద్యులకు కూడా గణాంక శాస్త్రాన్ని దగ్గర చేశాయి. 1945లో లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఆచార్యులయ్యారు. వైద్యపట్టా లేని ఈ మనిషి చేతికి రెండేళ్ళలో వచ్చిన పెద్ద పని, తనను మంచాన పడేసిన క్షయ రోగానికే సంబంధించినది.

స్ట్రెప్టోమైసిన్ 1943లో అమెరికాలో, రట్గర్స్‌లోని సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ చేతిలో బయటపడింది. యుద్ధంతో చితికిపోయిన బ్రిటన్ దగ్గర దాన్ని కావలసినంత కొనే డాలర్లు లేవు. దొరికిన కొద్దిపాటి మందు అందరికీ చాలదు. అప్పుడు మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ రెండు ఊపిరితిత్తులకూ వేగంగా పాకుతున్న క్షయ ఉన్న యువతీయువకులను 107 మందిని ఎంచుకుంది. 55 మందికి మందు, మంచం మీద విశ్రాంతి. 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఎవరు ఏ జట్టులోకి వెళ్ళాలన్నది హిల్ తయారుచేసిన యాదృచ్ఛిక సంఖ్యల వరుస తేల్చింది. ప్రతి కేంద్రానికీ, ఆడవారికీ మగవారికీ విడివిడిగా వరుస అంకెలు వేసిన కవర్లు సీలు చేసి ఉంచారు. ఒక రోగిని పరీక్షకు తీసుకోవచ్చునని వైద్యుల బృందం ఒప్పుకున్నాకే ఆ అంకె ఉన్న కవరు కేంద్ర కార్యాలయంలో తెరిచేవారు. లోపలి కార్డు మీద ఏ జట్టో రాసి ఉండేది. తరవాత ఎక్స్‌రేలు చదివిన నిపుణులకు కూడా ఏ పటం ఏ జట్టు రోగిదో తెలియనివ్వలేదు.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, వైద్యుడి దయను దూరంగా ఉంచడానికి. ఎంపిక వైద్యుడి చేతిలో పెడితే, కోలుకునేలా ఉన్నవాణ్ణి మందు వైపు నెట్టవచ్చు, లేదా చావుకు దగ్గరైనవాడి మీద జాలిపడి వాడికే ఇవ్వవచ్చు. రెండూ మంచి మనసుతో చేసేవే. రెండింటివల్లా జట్ల మధ్య పోలిక చెడిపోతుంది, మందు గుణం ఎప్పటికీ తేలదు. చీటీకి జాలి లేదు, పక్షపాతమూ లేదు. ఆరు నెలలు గడిచేసరికి మందు అందినవారిలో నలుగురు, అందనివారిలో 14 మంది చనిపోయారు. 1948 అక్టోబరులో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ ఈ ఫలితాలు ప్రచురించింది.

ఆ 14 మంది మాటేమిటన్న ప్రశ్నను పక్కకు నెట్టడం కుదరదు. మందు ఉంటే వారిలో కొందరైనా బతికేవారేమో. దీనికి హిల్ జవాబు మందు కొరతను ఆధారం చేసుకుంది: ఎలాగూ అందరికీ చాలనప్పుడు పరీక్ష చేయకుండా పంచేయడమే అధర్మమయ్యేది. పలుకుబడి ఉన్నవాడికి మందు దొరికి, లేనివాడికి దొరక్కపోవడం కంటే చీటీయే న్యాయం. ఈ జవాబు బలమైనదే, కానీ కొరత లేని రోజున నిలవదు. అప్పుడు నిలిచే ఆధారం ఒక్కటే, ఏది మేలో నిజంగా తెలియకపోవడం. 1987లో బెంజమిన్ ఫ్రీడ్‌మన్ అనే నీతిశాస్త్రవేత్త దీన్ని ఇంకాస్త సూటిగా చెప్పాడు. ఒక వైద్యుడి మనసులో ఏదో ఒక వైపు మొగ్గు ఉండవచ్చు. తెలిసిన వైద్యులందరి మధ్యా నిజాయితీగా అభిప్రాయభేదం ఉన్నంతకాలం చీటీ వేయడం తప్పు కాదు. అది తీరిపోయిన మరుక్షణం తప్పవుతుంది.

స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో చీటీని సమర్థించవచ్చు, మౌనాన్ని సమర్థించలేం. మందు అందని జట్టులోని రోగులకు తాము ఒక పరీక్షలో ఉన్నామన్న సంగతే చెప్పలేదు. మనిషిని అతడి సమ్మతి లేకుండా పరిశోధనకు వాడరాదని న్యూరెంబర్గ్ నియమావళి ప్రకటించింది ఆ పరీక్ష నడుస్తున్న 1947లోనే. తెలియదన్న సత్యం పరిశోధకుల మధ్యే ఉండిపోతే చాలదు. ఎవరి ప్రాణం మీద ఆ తెలియనితనం బరువు పడుతోందో వారికి అది ముందుగా తెలియాలి. 1964 నాటి హెల్సింకీ ప్రకటన తరవాతే ఇది వైద్య పరిశోధనలో గట్టిపడుతూ వచ్చింది.

ఇదే పద్ధతి కొద్దికాలంలోనే మద్రాసుకు వచ్చింది. 1956లో అక్కడ నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం 193 మంది పేద రోగులను చీటీ పద్ధతిలో రెండు జట్లు చేసింది. మందులు రెండు జట్లకూ ఒకటే. ఒక జట్టు శానిటోరియంలో, మంచి తిండితో, విశ్రాంతితో; రెండో జట్టు ఇరుకిళ్ళలో, ఇంటి తిండితో. ఇంటి జట్టు కూడా దాదాపు అంత బాగానే కోలుకుంది. ఇంట్లోవారికి రోగం అంటుకోవడమూ ఎక్కువ కాలేదు. 1959లో వెలువడిన ఈ ఫలితంతో శానిటోరియంలో మంచం దొరకని లక్షలమంది క్షయ రోగులకు ఇంటి దగ్గరే చికిత్స చేయించుకునే దారి తెరుచుకుంది. తెలియదని ఒప్పుకోకపోతే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు.

రెండో ధర్మసందేహం పొగాకుతో వచ్చింది. మనుషులకు చీటీలు వేసి కొందరిచేత ఇరవై ఏళ్ళు సిగరెట్లు కాల్పించడం జరిగే పని కాదు. కాబట్టి హిల్, యువ వైద్యుడు రిచర్డ్ డాల్ లండన్ ఆసుపత్రుల్లోని 709 మంది ఊపిరితిత్తుల కేన్సర్ రోగులనూ, వయసులో వారికి సరిపోయే మరో 709 మంది ఇతర రోగులనూ పోల్చారు. డాల్ మొదట అనుమానించింది రోడ్లకు వేసే తారును. లెక్కలు వేరే దిక్కు చూపించాయి. రెండు వైపులా 649 మంది చొప్పున మగవారుంటే, పొగ అలవాటు లేనివారు కేన్సర్ జట్టులో ఇద్దరు, రెండో జట్టులో 27 మంది. పరిశోధన సగం దాటాక డాల్ సిగరెట్లు మానేశారు. 1950లో ఇది అచ్చయింది.

దీన్ని గట్టిగా ఎదిరించినవాడు సామాన్యుడు కాదు. చీటీ పద్ధతికి గణిత పునాది వేసిన ఆర్.ఎ. ఫిషరే. పొగ తాగాలన్న కోరికకూ, కేన్సర్‌కూ రెండింటికీ పుట్టుకతో వచ్చే ఏదో లక్షణం కారణం కావచ్చు కదా అన్నది ఆయన వాదం. ఆయన పొగాకు కంపెనీలకు సలహాదారుగా ఉన్నది నిజమే. అంతమాత్రాన వాదం వీగిపోదు. ఎవరు అడిగినా ప్రశ్న ప్రశ్నే.

ఆ ప్రశ్న భారతీయ తర్కానికి చాలా పాతది. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’ చదివిన ప్రతి విద్యార్థికీ ఈ ఉదాహరణ తెలుసు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్నది సరైన ఊహ. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందన్నది సరికాదు, ఎందుకంటే ఎర్రగా కాల్చిన ఇనప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె తోడవాలి. చూపించిన హేతువు వెనక దాగి, అసలు పని చేసే ఈ మూడో సంగతినే నైయాయికులు, అంటే న్యాయదర్శన తార్కికులు, ఉపాధి అంటారు. ఫిషర్ ఊహించిన పుట్టుక లక్షణం సరిగ్గా అలాంటి ఉపాధే. ఒక్క తేడా మాత్రం మరచిపోకూడదు. న్యాయదర్శనంలో ఒక్క వ్యభిచారం, అంటే ఒక్క మినహాయింపు కనబడితే చాలు, వ్యాప్తి, అంటే ‘ఇది ఉన్నచోటల్లా అది ఉంటుంది’ అన్న నియమం, కూలిపోతుంది. గణాంక శాస్త్రంలో అలా కాదు. తొంభై ఏళ్ళ వరకూ చుట్ట కాల్చిన తాతగారు ఆరోగ్యంగా ఉన్నా, పొగాకు మీద నేరం కొట్టుకుపోదు.

ఉపాధి ఉందేమో అన్న శంకకు అంతు ఎక్కడ? వ్యాప్తిని ఎన్నడూ స్థాపించలేమని భౌతికవాదులైన చార్వాకులు అన్నది ఇందుకే: ఇంతవరకు కనబడని ఉపాధి రేపు కనబడవచ్చు. పదో శతాబ్దపు నైయాయికుడు ఉదయనుడు ‘న్యాయకుసుమాంజలి’లో దీనికి జవాబిచ్చాడు. సంశయించేవాడి సొంత నడవడికే సంశయానికి హద్దు. పొగ కావలసినప్పుడు నిప్పు రాజేసేవాడు, ఆకలి వేసినప్పుడు అన్నం తినేవాడు, కార్యకారణ సంబంధం లేదని నోటితో అన్నా చేతితో ఒప్పుకుంటూనే ఉన్నాడు. తరవాత వేదాంతి శ్రీహర్షుడు ఈ జవాబును తిప్పికొట్టాడు, నైయాయికుడు గంగేశుడు మళ్ళీ నిలబెట్టాడు. ఆ వాదం తేలిపోయిందని అనలేం. కానీ ఉదయనుడు చూపించిన దారి ప్రజారోగ్యానికి కావలసిన దారే. సంశయం ఎంత దూరమైనా పోగలదు, బతుకు అంతవరకూ ఆగదు.

గణాంకవేత్తలు ఈ హద్దును మాటతో కాకుండా అంకెతో గీశారు. అమెరికాకు చెందిన జెరోమ్ కార్న్‌ఫీల్డ్, ఆయన సహచరులు 1959లో చెప్పినది ఇది: పొగ తాగేవారిలో కేన్సర్ తొమ్మిది రెట్లు ఉంటే, దాన్ని పూర్తిగా వివరించగల దాగిన కారణం కూడా పొగ తాగేవారిలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండి తీరాలి. అలాంటిదాన్ని చూపించమని అడగడంతో శంక వేసేవాడి మీద కూడా బాధ్యత పడింది. ఇటు డాల్, హిల్ 1951లో బ్రిటిష్ డాక్టర్లకు ఉత్తరాలు రాసి, జవాబిచ్చిన 40,000 మందికి పైగా వైద్యుల అలవాట్లను నమోదు చేసి, ఎవరు దేనితో చనిపోతున్నారో ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. సిగరెట్లు పెరిగినకొద్దీ ముప్పు పెరిగింది, మానేసినవారిలో తగ్గింది. పుట్టుకతో వచ్చిన లక్షణం సిగరెట్టు మానేసినంత మాత్రాన మారదు.

తెలుగు నేల మీద ఇంతకంటే కళ్ళకు కట్టే సాక్ష్యం ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చాలామంది, ముఖ్యంగా ఆడవారు, చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అడ్డపొగ అంటారు. మిగతా చోట్ల అరుదైన అంగిలి కేన్సర్ అక్కడ తరచుగా కనబడటాన్ని వైద్యులు 1950లలోనే రాశారు. 1971లో అచ్చయిన ఒక పరిశీలనలో పిండ్‌బోర్గ్, మెహతా, వారి సహచరులు 10,169 మంది పల్లెవాసుల నోళ్ళు పరీక్షించారు. మామూలుగా కాల్చేవారికంటే అడ్డపొగ పీల్చేవారి అంగిట్లో మార్పులు స్పష్టంగా ఎక్కువ. నిప్పు తగిలిన చోటే పుండు.

1965 జనవరిలో, పదవీ విరమణ చేసిన హిల్ లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో చేసిన ప్రసంగం ఈ చింతన అంతటికీ శిఖరం. రెండు సంగతుల మధ్య కనబడిన సంబంధాన్ని కారణమని ఎప్పుడు అనాలి అన్న దానికి ఆయన తొమ్మిది కోణాలు చూపించారు. సంబంధం ఎంత బలమైనది, వేరువేరు చోట్ల మళ్ళీ కనబడిందా, కారణం ముందుగా వచ్చిందా, మోతాదు పెరిగితే ఫలితం పెరిగిందా, ఇలాంటివి. ఇవి శాసనాలు కావని ఆయనే చెప్పినా, తరవాతి పాఠ్యపుస్తకాలు వాటిని టిక్కులు పెట్టే జాబితాగా మార్చేశాయి. దానివల్ల ఆ ప్రసంగంలో అన్నిటికంటే విలువైన చివరి భాగం మరుగున పడింది. అక్కడ హిల్ అన్నది, చర్యకు కావలసిన రుజువు అన్నిచోట్లా ఒకే కొలత కాదని. గర్భిణుల వేవిళ్ళకు ఇచ్చే మందు మీద కొద్దిపాటి అనుమానం చాలు, ఆపేయవచ్చు. పొరపాటైనా ఎవరికీ పెద్ద నష్టం లేదు. కార్ఖానాలో వాడే నూనె మీద అయితే ఇంకొంచెం గట్టి రుజువు కావాలి. జనం ఇష్టపడి తాగే సిగరెట్లు మాన్పించాలంటే చాలా గట్టి రుజువు ఉండాలి. శాస్త్రజ్ఞానం ఎప్పుడూ అసంపూర్ణమే, ఆ వంకతో చేతిలో ఉన్న జ్ఞానాన్ని పక్కన పెట్టే స్వేచ్ఛ మాత్రం ఎవరికీ లేదన్నది ఆయన నిర్ణయం. గర్భిణులు వాడిన థాలిడొమైడ్ మందు వల్ల బిడ్డలు అవయవలోపాలతో పుట్టిన విషాదం అప్పటికి పాతబడలేదు.

హిల్ 1991లో మరణించేనాటికి సంశయానికి గీసిన ఈ హద్దు ఒక వ్యవస్థగా మారింది. ఇప్పుడు పెద్ద పరీక్ష ఏదైనా మొదలయ్యే ముందే, మధ్యలో ఎంత తేడా కనబడితే ఆపాలో కాగితం మీద రాసిపెడతారు. స్వతంత్ర కమిటీ ఒకటి నడుస్తున్న లెక్కలు చూస్తుంది. చికిత్స చేసే వైద్యులకు తెలియని మరణాల పట్టిక ఆ కమిటీకీ, దానికి నివేదిక తయారుచేసే గణాంకవేత్తకూ తెలుసు. తొందరపడి ఆపితే కాకతాళీయమైన తేడాను సత్యమని ప్రకటించినట్టు. ఆలస్యం చేస్తే ఆ పట్టికలో పేర్లు పెరుగుతాయి. ఉదాహరణకు, అమెరికాలో గుండెపోటు నుంచి కోలుకున్నవారిలో గుండె లయ తప్పకుండా ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు వాడేవారు. అవి ప్రాణం కాపాడతాయన్న నమ్మకం ఎంత గట్టిదంటే, వాటిని కొందరికి ఇవ్వకుండా పరీక్షించడమే అన్యాయమని అభ్యంతరం చెప్పినవారున్నారు. 1989లో కమిటీ సలహా మీద ఆ మందుల పరీక్ష ఆపేశారు. మందు తీసుకున్న 730 మందిలో 56 మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 725 మందిలో 22 మంది అప్పటికి చనిపోయి ఉన్నారు.